ముందు భయానికి వైద్యం: ముసలి పిల్లుల చికిత్సపై ఒక సమీక్ష

పదేళ్లు దాటిన పిల్లిని పశువైద్యులు వృద్ధాప్యంలోకి వచ్చినట్టే లెక్కిస్తారు. ఆ వయసు నుంచి కనీసం ఆరు నెలలకొకసారి పరీక్ష చేయించాలని అమెరికా పశువైద్య సంఘాలు 2021లో వెలువరించిన మార్గదర్శకాలు సూచించాయి. ఎదిగిన పిల్లికి గడిచే ఒక్క ఏడాది మనిషి వయసులో సుమారు నాలుగేళ్లకు సమానమని అంచనా. అంటే ఆరు నెలల ఎడం మనకు రెండేళ్ల ఎడం. కాబట్టి ఆ సలహాలో అతి ఏమీ లేదు. ఆచరణ మాత్రం సరిగ్గా తలకిందులుగా ఉంది. పిల్ల వయసులో టీకాలకీ ఆపరేషన్‌కీ తీసుకెళ్లిన పిల్లిని, డాక్టరు అవసరం ఎక్కువయ్యే ముసలితనంలో ఇంటి గడప దాటించరు. కారణం చాలా ఇళ్లలో ఒకటే: అది భయపడుతుంది, దాని భయం చూసి మనమూ భయపడతాం. 2011లో అమెరికాలో బేయర్ సంస్థ చేయించిన సర్వేలో 58 శాతం మంది తమ పిల్లికి డాక్టరు దగ్గరికి వెళ్లడమంటే అసహ్యమని చెప్పారు. ఆ ప్రయాణం తలచుకుంటేనే తమకు ఒత్తిడి కలుగుతుందని 38 శాతం మంది ఒప్పుకున్నారు. ఈ భయాన్ని వైద్యానికి అడ్డంకిగా చూసి ఆగిపోవడం ఒక పొరపాటు. బలప్రయోగంతో అణిచేయడం ఇంకో పొరపాటు. భయం కూడా ఒక రుగ్మతే, మిగతా రుగ్మతల కన్నా ముందు దానికే చికిత్స జరగాలి అన్నది ఈ వ్యాసం వాదన.

అసలు ముసలి పిల్లికి డాక్టరు ఎందుకు అవసరమో ముందు చూడాలి. నొప్పినీ నీరసాన్నీ బయటపెట్టకపోవడం పిల్లి స్వభావం. వేటాడే జంతువే అయినా తనకన్నా పెద్ద జంతువులకు తానే ఆహారం కాగల ప్రాణి కనుక, బలహీనతను దాచుకోవడం దానికి ఆత్మరక్షణ. మూత్రపిండాల దీర్ఘవ్యాధి పదేళ్లు దాటిన పిల్లుల్లో 30 నుంచి 40 శాతం దాకా కనిపిస్తుందని అంచనా. రక్తంలో క్రియాటినిన్ పెరిగినట్టు తేలేసరికి మూత్రపిండాల శక్తిలో సుమారు నాలుగింట మూడొంతులు పోయి ఉంటుంది. హైదరాబాద్ వంటి నగరాల్లో ఎందరో ముచ్చటపడి పెంచుకుంటున్న పర్షియన్ పిల్లులకు మూత్రపిండాల్లో నీటితిత్తులు ఏర్పడే వంశపారంపర్య వ్యాధి ముప్పు అదనం. థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం పదేళ్లు దాటిన ప్రతి పది పిల్లుల్లో దాదాపు ఒకదానికి వస్తుంది. ఆకలి పెరగడం, బరువు తగ్గడం, చురుకుగా తిరగడం దాని లక్షణాలు కనుక ఇంట్లోవాళ్లు ఆరోగ్యం బాగుందని పొరబడతారు. రక్తపోటు పెరిగి కంటి వెనుక పొర ఊడిపోతే రాత్రికి రాత్రే చూపు పోవచ్చు. అమెరికాలో 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనం పన్నెండేళ్లు దాటిన వంద పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 శాతంలో కీళ్ల అరుగుదల ఆనవాళ్లు కనిపించాయి. వీటిలో చాలావాటిని పూర్తిగా నయం చేయలేకపోయినా అదుపులో పెట్టవచ్చు. రక్తపోటుకు మనుషులు వాడే ఆమ్లోడిపిన్‌నే చిన్న మోతాదులో పిల్లులకూ ఇస్తారు. కిడ్నీ జబ్బుకు ఆహారం మార్చడమే ప్రధాన చికిత్స. అందుబాటులో ఉన్న ఉపశమనాన్ని అందనివ్వకుండా చేస్తున్నది చాలాసార్లు ప్రయాణపు భయమే.

ఆ భయాన్ని మన ఇళ్లలో మొండితనమనీ పొగరనీ అంటుంటారు. అది రెండూ కాదు. పిల్లి తన ఇంటినీ వాకిలినీ వాసనలతో గుర్తుపట్టి, ఆ ఎల్లల లోపల భద్రతను అనుభవిస్తుంది. అటకపై నుంచి ఏడాదికోసారి దించిన, దుమ్ము వాసనతో ఉన్న క్యారియర్‌లోకి దాన్ని తోసి, ఆటో కుదుపుల్లో, హారన్ మోతల్లో తీసుకెళ్లి, కుక్కలు అరిచే వరండాలో నేల మీద పెడితే దానికి తెలిసిన లోకమంతా ఒక్కసారిగా మాయమైనట్టే. ముసలి పిల్లికి ఇంకో భారం కూడా ఉంటుంది. వినికిడీ చూపూ మందగించడం వల్ల ఎవరు ఎటు నుంచి వస్తున్నారో దానికి ముందుగా తెలియదు. అరిగిన కీళ్లతో ఉన్న పిల్లిని చల్లటి స్టీలు బల్ల మీద కాళ్లు సాగదీసి పట్టుకుంటే నిజంగానే నొప్పి పుడుతుంది. అది బుసకొడితే భయంతో కొట్టిందో బాధతో కొట్టిందో వేరు చేయడం కష్టం. అందుకే ఏళ్ల తరబడి డాక్టరును సహించి, ముసలితనంలో హఠాత్తుగా ఎదురు తిరుగుతున్న పిల్లిని చూస్తే, దాని స్వభావం చెడిందనుకునే ముందు ఎక్కడైనా నొప్పి ఉందేమో అనుమానించాలి.

భయం పిల్లిని బాధపెట్టడంతో ఆగదు, పరీక్ష ఫలితాలనూ పాడుచేస్తుంది. 1999లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో పిల్లుల శరీరంలో అమర్చిన పరికరాల ద్వారా రక్తపోటును కొలిచారు. డాక్టరు పరీక్షలాంటి సందర్భం కల్పించగానే పై రక్తపోటు సగటున సుమారు 18 మిల్లీమీటర్లు పెరిగింది. కొన్నింటిలో ఆ పెరుగుదల 70 కూడా దాటింది. పిల్లుల్లో 160 చేరితే అవయవాలకు హాని మొదలవుతుందని భావించి మందు గురించి ఆలోచిస్తారు. అసలు రక్తపోటు 150 ఉన్న పిల్లి భయంతో 168 చూపిస్తే అవసరంలేని మందు మొదలుకావచ్చు. 175 నిజంగానే ఉన్న పిల్లి విషయంలో ‘భయం వల్లేలే’ అని వదిలేసినా ప్రమాదమే. రక్తంలో చక్కెర సంగతీ ఇంతే. భయపడ్డ పిల్లికి షుగరు జబ్బు లేకపోయినా చక్కెర 300 దాటగలదు. అందుకే గత ఒకటి రెండు వారాల సగటును చెప్పే ఫ్రక్టోసమిన్ పరీక్ష విడిగా చేయవలసి వస్తుంది. గుండె వేగం, శ్వాస వేగం, శరీర ఉష్ణోగ్రత అన్నీ భయంతో మారిపోతాయి. ఇంట్లో కుంటే పిల్లి క్లినిక్‌లో బిగుసుకుపోయి కదలకుండా కూర్చుంటే కుంటు కనిపించదు. ఇక లోపల గుండె జబ్బు దాగి ఉన్న పిల్లికి తీవ్రమైన ఒత్తిడి ప్రాణం మీదికి కూడా తేగలదు. కాబట్టి పిల్లి మనసును కుదుటపరచడం రోగనిర్ధారణలో భాగం. దాన్ని వదిలేసి చేసే పరీక్ష సగం పరీక్షే.

‘రెండు నిమిషాలు గట్టిగా పట్టుకుంటే పని అయిపోతుంది, ఇంత హడావుడి ఎందుకు?’ అని అడిగేవారు ఉన్నారు. పని ఒత్తిడిలో ఉన్న డాక్టర్ల నుంచి కూడా ఈ మాట వినిపిస్తుంది, అందులో కొంత నిజం లేకపోలేదు. అత్యవసర స్థితిలో, ఊపిరాడని పిల్లి విషయంలో వేగమే ముఖ్యం. మామూలు పరీక్షలకు మాత్రం ఈ తర్కం నిలవదు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో రెండు రకాల పట్టును పోల్చారు. ఒళ్లంతా కదలకుండా గట్టిగా అదిమిపట్టిన పిల్లులు, తేలికగా పట్టుకున్న పిల్లుల కన్నా ఎక్కువగా పెనుగులాడాయి. కంటిపాపలు విప్పారడం, చెవులు వెనక్కి వాల్చడం, వేగంగా ఊపిరి తీయడం వంటి భయ లక్షణాలూ వాటిలోనే ఎక్కువ. మెడ మీది తోలు పట్టి ఎత్తే పద్ధతిని 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు వద్దన్నాయి. తల్లి తన కూనలను అలాగే మోస్తుంది కదా అంటారు. కొన్ని వారాల కూనకు సరిపడే పట్టు పన్నెండేళ్ల పిల్లికి సరిపడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, పిల్లి మరిచిపోదు. ఈసారి రెండు నిమిషాల్లో గెలిచిన బలం వచ్చేసారికి ఇరవై నిమిషాల పెనుగులాటను సిద్ధం చేసి పెడుతుంది. కిడ్నీ జబ్బున్న పిల్లికి ఏడాదిలో పలుమార్లు రక్తపరీక్ష కావాలి. మొదటిసారే నమ్మకం పోగొట్టుకుంటే మిగతావి జరగవు. పట్టుకున్నవారికీ ప్రమాదమే. పిల్లి కరిచినా గీరినా గాయాన్ని సబ్బు, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లవలసిందే.

భయానికి చికిత్స ఇంట్లోనే, క్యారియర్‌తో మొదలవుతుంది. వియన్నా పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగంలో కొన్ని పిల్లులకు క్యారియర్‌లో ఉండటాన్ని తాయిలాలు పెట్టి కొన్ని వారాలపాటు అలవాటు చేశారు. శిక్షణ లేని పిల్లులతో పోలిస్తే వాటికి ప్రయాణంలో ఒత్తిడి తగ్గింది, డాక్టరు పరీక్షా తొందరగా ముగిసింది. ముసలి పిల్లికి కొత్త అలవాటు పట్టదనే అభిప్రాయంలో నిజం తక్కువ. దానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అంతే. క్యారియర్‌ను అటక మీది నుంచి దించి, పిల్లి పడుకునే మూలనే తలుపు తీసి ఉంచి, దాని వాసన ఉన్న పాత దుప్పటి పరిచి, రోజూ ఇష్టమైన ముద్ద అందులోనే పెడితే అది పరుపుగా మారుతుంది. పైకప్పు ఊడివచ్చే క్యారియర్ ఐతే ఇంకా మేలు. క్లినిక్‌లో పై భాగం తీసేస్తే పిల్లి తన దుప్పటి మీదే కూర్చుని ఉండగా చాలావరకు పరీక్ష పూర్తిచేయవచ్చు. దారిలో క్యారియర్ మీద పల్చటి తువ్వాలు కప్పితే కొత్త దృశ్యాల బెదురు తగ్గుతుంది. మన ఎండల్ని మాత్రం మరవకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు ప్రయాణం ఏ పిల్లికైనా ప్రమాదమే. చప్పిడి ముక్కు పర్షియన్‌కు మరీ ప్రమాదం. పిల్లి నోరు తెరిచి రొప్పుతోందంటే దాన్ని మామూలు విషయంగా తీసుకోకూడదు. ఉదయాన్నే మొదటి అపాయింట్‌మెంట్ అడగడం ఎండనూ రద్దీనీ ఒకేసారి తప్పిస్తుంది.

అలవాటు ఒక్కటే సరిపోని పిల్లులూ ఉంటాయి. వాటికి మందు సాయం కావాలి. ఇక్కడే అభ్యంతరాలు బలంగా వస్తాయి. మనుషుల్లో మూర్ఛకూ నరాల నొప్పికీ వాడే గాబాపెంటిన్ ఈ రంగంలో ఎక్కువ ఆదరణ పొందింది. క్లినిక్‌లో భయపడే ఇరవై పిల్లులపై కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ జరిపిన అధ్యయనం 2017లో వెలువడింది. ప్రయాణానికి గంటన్నర ముందు ఇచ్చిన ఒక్క మోతాదుతో దారిలోనూ పరీక్షలోనూ ఒత్తిడి తగ్గిందని, ఆ మగత ఎనిమిది గంటల్లో తీరిపోయిందని అది తేల్చింది. ఇదే కుటుంబానికి చెందిన ప్రీగాబాలిన్ ద్రావణాన్ని పిల్లుల ప్రయాణ భయానికి ప్రత్యేకించి యూరప్‌లో 2021లోనూ అమెరికాలో 2023లోనూ అనుమతించారు. ‘ముసలి ప్రాణానికి మత్తా, కిడ్నీలు అసలే పాడయ్యాయి కదా’ అన్న భయం న్యాయమైనదే. గాబాపెంటిన్ శరీరం నుంచి మూత్రపిండాల ద్వారానే పోతుంది. కిడ్నీ జబ్బున్న పిల్లుల రక్తంలో ఆ మందు ఎక్కువగా నిలుస్తుందని 2022లో వచ్చిన పరిశీలన చూపింది. దాని నుంచి తేలే ముగింపు మందు వద్దని కాదు, మోతాదు తగ్గించాలని. ఆ తగ్గింపు డాక్టరు నిర్ణయించవలసిన సంగతి, మెడికల్ షాపులో అడిగి తేల్చుకునేది కాదు. మన దేశంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఇక్కడ గాబాపెంటిన్‌ను మిథైల్‌కోబాలమిన్‌తోనో నార్ట్రిప్టిలిన్‌తోనో కలిపిన మాత్రలు విరివిగా అమ్ముతారు. పేరు చూసి తెచ్చిన మాత్రలో రెండో మందు ఏమిటో గమనించకపోతే చిక్కే. ఇంకా పెద్ద ప్రమాదం మన ఇంటి మందుల డబ్బాలోనే ఉంది. జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్‌ను విరిచి పిల్లికి చిన్న ముక్క పెట్టినా అది చనిపోవచ్చు. ఆ మందును నిర్వీర్యం చేసే శక్తి దాని కాలేయానికి దాదాపు లేదు. డాక్టరు చెప్పిన మందునైనా ప్రయాణం లేని రోజున ఇంట్లో ఒకసారి ఇచ్చి, ఎలా ఉందో చూసుకోవడం మంచి పద్ధతి. తూలి పడకుండా ఆ పూట ఎత్తుల మీదికి ఎక్కనివ్వకూడదు.

డాక్టరే ఇంటికి వస్తే, లేదా వీడియోలో చూస్తే ప్రయాణమే ఉండదు కదా అన్నది మరో పరిష్కారం. ఇంటి దగ్గర పరీక్షించిన పిల్లులు క్లినిక్‌లో కన్నా తక్కువగా దాక్కోజూశాయని చూపిన పరిశోధన ఉంది. నడవలేని పిల్లికి, చివరి రోజుల్లో ఉన్న పిల్లికి ఇంటి వైద్యం గొప్ప వరం. అయినా దానికి హద్దులున్నాయి. ఎక్స్‌రే, స్కానింగ్, పళ్ల చికిత్స సంచిలో రావు. తాను భద్రంగా భావించే ఒకే ఒక చోటికి సూదులు పట్టుకున్న మనిషి రావడం కొన్ని పిల్లులకు ఇంకా భయంకరం. వీడియో సంప్రదింపుల ద్వారా కొత్త రోగిని కూడా చూసేందుకు కాలిఫోర్నియా చట్టం 2024 జనవరి నుంచి వీలు కల్పించింది. కానీ కెమెరా రక్తపోటును కొలవలేదు, పొట్ట తడిమి చూడలేదు. వీటిని క్లినిక్‌కు బదులుగా కాక, క్లినిక్‌కు వెళ్లవలసిన సార్లను తగ్గించే సాధనాలుగా చూడాలి. ఇందులో ఇంట్లోవాళ్ల పాత్ర డాక్టరు పాత్రకు తీసిపోదు. నెలకొకసారి పిల్లిని ఎత్తుకుని బరువు యంత్రం మీద నిలబడి, తర్వాత మన బరువు తీసేస్తే సరిపోతుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే పసిపిల్లల తూకం వాడవచ్చు. కిడ్నీ జబ్బు బయటపడటానికి ముందు ఏడాదిలోనే పిల్లులు దాదాపు తొమ్మిది శాతం బరువు కోల్పోయినట్టు 2016లో వచ్చిన పరిశోధన చెప్పింది. నాలుగు కిలోల పిల్లిలో అది సుమారు 350 గ్రాములు. కళ్లకు కనిపించదు, తూకానికి దొరుకుతుంది. నిద్రలో నిమిషానికి శ్వాస 30 దాటుతోందా, మంచం ఎక్కడానికి ముందు తటపటాయిస్తోందా, నీళ్లగిన్నె త్వరగా ఖాళీ అవుతోందా అన్నవి రాసిపెట్టి, నడకను ఫోన్‌లో వీడియో తీస్తే క్లినిక్‌లో భయం దాచేసిన నిజాన్ని డాక్టరు చూడగలుగుతారు. చెవుల తీరు, కళ్లు చికిలించిన తీరు, మూతి బిగువు, మీసాల తీరు, తల వంపు చూసి నొప్పిని అంచనావేసే ముఖ కవళికల కొలబద్దను మాంట్రియల్ విశ్వవిద్యాలయం 2019లో ప్రచురించింది. పెంచుకునేవారు కూడా దాన్ని నేర్చుకోవచ్చు.

‘ఇవన్నీ అమెరికా ముచ్చట్లు, మన ఊళ్లో ఎక్కడ కుదురుతాయి?’ అన్న ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చలేం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పశువైద్యం ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకల కోసం రూపుదిద్దుకున్నది. అది న్యాయం కూడా, ఎందుకంటే వాటి మీద కుటుంబాల బతుకుతెరువు ఆధారపడి ఉంది. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార వైద్య వాహనాలూ ఆ అవసరం కోసమే పుట్టాయి. పెంపుడు జంతువులకు ప్రత్యేక వైద్యం కావాలంటే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వంటి చోట్ల ఉన్న పశువైద్య కళాశాలల ఆసుపత్రులనో నారాయణగూడలోని సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రినో నగరాల్లోని ప్రైవేటు క్లినిక్‌లనో ఆశ్రయించాలి. చిన్న పట్టణాల్లో ఆ వీలు తక్కువ. అయినా జాగ్రత్తగా చూస్తే ఇప్పటిదాకా చెప్పిన వాటిలో ఖరీదైనవి తక్కువ. పిల్లులకు రోజులో ఒక గంట విడిగా కేటాయించడం, క్యారియర్‌ను నేల మీద కాక బెంచీ మీద పెట్టనివ్వడం, బల్ల మీద తువ్వాలు పరవడం, రక్తపోటు కొలిచే ముందు ఐదు పది నిమిషాలు ఆగి మొదటి అంకెను పక్కన పెట్టడం, గొంతు తగ్గించి మాట్లాడటం. వీటికి కావలసింది డబ్బు కాదు, నిర్ణయం. పరీక్షలన్నీ ఒకే మగతలో, ఒకే రాకలో పూర్తిచేస్తే ఖర్చూ కలిసొస్తుంది. మండల పశువైద్యశాలలోని డాక్టరు కూడా ఇంటివాళ్లు తెచ్చిన బరువుల పట్టిక, వీడియో చూసి చాలా చెప్పగలరు. పశువైద్య కళాశాలలు పిల్లులను సున్నితంగా పట్టుకునే పద్ధతిని విద్యార్థులకు తప్పనిసరి పాఠం చేస్తే రెండు రాష్ట్రాలకూ కొత్త భవనం ఒక్కటి కట్టకుండానే మేలు జరుగుతుంది.

అన్నిటికన్నా లోతైన అభ్యంతరం ప్రేమ నుంచి పుట్టినది: ‘దాని కాలం ఎలాగూ దగ్గరపడింది, సూదులతో ఏడిపించడం ఎందుకు, ప్రశాంతంగా ఉండనివ్వండి.’ ఈ మాటలోని దయను గౌరవించాలి, కానీ అందులోని ఊహను ప్రశ్నించాలి. చికిత్స లేని ముసలితనం ప్రశాంతమైనదనడానికి ఆధారం లేదు. పుచ్చిన పంటితో తినలేకపోవడం, రక్తపోటుతో గుడ్డిదవడం, కీళ్ల నొప్పితో లిట్టర్ ట్రే అంచు దాటలేక బయట మూత్రం పోసి తిట్లు తినడం ప్రశాంతత కాదు. నిశ్శబ్దంగా ఉండటాన్ని సుఖంగా ఉండటంగా చదివే పొరపాటు మనది. అయితే పరీక్ష చేయించడమంటే దొరికిన ప్రతి చికిత్సనూ చేయించడం కాదు. రోజుకు నాలుగు మాత్రలు బలవంతంగా మింగిస్తే మన చెయ్యి చూస్తేనే మంచం కిందికి పారిపోయే పిల్లికి, ముఖ్యమైన ఒక్క మందే ఇచ్చి మిగతావి మానడం మంచి వైద్యమే కావచ్చు. థైరాయిడ్ మందును చెవి లోపలి చర్మానికి రాసే లేపనంగా తయారుచేయించే వీలు కొన్ని దేశాల్లో ఉన్నది ఇందుకే. ఇంకేమీ చేయలేని దశలో, తినలేక, కదలలేక, ఊపిరి అందక బాధపడుతున్నప్పుడు, కారుణ్య మరణం గురించి డాక్టరుతో మాట్లాడటం ద్రోహం కాదు. ఆ నిర్ణయం కూడా జబ్బు ఏమిటో తెలిసినప్పుడే సరిగ్గా తీసుకోగలం. ఏమీ తెలుసుకోకుండా వదిలేస్తే నిర్ణయం నొప్పి చేతికి వెళుతుంది.

సాక్ష్యాలన్నీ కలిపి చూస్తే తీర్పు స్పష్టం. భయపడే ముసలి పిల్లిని వైద్యానికి దూరంగా ఉంచడమూ, బలవంతంగా లొంగదీయడమూ రెండూ దానికి నష్టమే. ఇంటి పరిశీలన, క్యారియర్ అలవాటు, అవసరమైతే డాక్టరు నిర్ణయించిన మోతాదులో ముందస్తు మందు, క్లినిక్‌లో తొందరలేని స్పర్శ, అనవసరమైన చికిత్సలను వదులుకునే వివేకం: ఈ క్రమం పాటిస్తే ఎక్కువ పిల్లులకు వైద్యం అందుతుంది. మీ ఇంట్లో పదేళ్లు దాటిన పిల్లి ఉంటే జబ్బు చేసేదాకా ఆగకండి. ఈ వారమే దాని బరువు తూచి రాసిపెట్టండి, క్యారియర్ తలుపు తీసి ఇంట్లో ఉంచండి, మీ పశువైద్యుడికి ఫోన్ చేసి పిల్లి భయస్తురాలని ముందే చెప్పి ఏ వేళకు రమ్మంటారో అడగండి.